పది నిమిషాలు ముందున్న వీధి

మా బావ గడియారాల మేస్త్రి. ఆయన షాపుకీ నా జిరాక్సు షాపుకీ మధ్య ఒకటే గోడ, అదీ పలచటి గోడ. నేను కస్టమరు మీద కేకలేస్తే ఆయనకు వినిపిస్తుంది. ఆయన షాపులో గంటలు కొట్టే గడియారాలన్నీ ఒక్కసారి మొదలుపెడితే నాకు నా ఫోను వినిపించదు. మా అక్కను కట్టుకున్నాడు కాబట్టి ఏమీ అనలేను. అన్నా ఉపయోగం లేదు. కంటికి భూతద్దం బిగించుకుని, పట్టకారుతో ఆవగింజంత మరను పట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్న మనిషికి ఎవరి మాటా చెవికెక్కదు.

మనిషి మంచివాడే. పనిలోనూ వంక పెట్టడానికి లేదు. కానీ ఆయన చేతి మీదుగా వెళ్లిన ఏ గడియారమైనా పది నిమిషాలు ముందు నడుస్తుంది. బాగుచేసి, తుడిచి, రెండు రోజులు పక్కన పెట్టి సెకను తేడా రావడం లేదని తేల్చుకుని, అప్పుడు ముల్లు పది నిమిషాలు ముందుకు తిప్పి ఇస్తాడు. బాగుచెయ్యమన్నాం గానీ పాడుచెయ్యమన్నామా అని కొత్త కస్టమర్లు దెబ్బలాడతారు. ఆ పది నిమిషాలు నా తరఫున ఉంచుకోండి, ఎప్పుడో అవసరపడతాయి అంటాడు.

దర్జీ గోడ మీది గడియారం, సెలూన్‌లోది, బడిలో గంట కొట్టే పెద్దాయన చేతిది, వీధి చివర పరీక్షల ల్యాబులోది, నా షాపులోది, అన్నీ బావ చేతి మీదుగా వెళ్లినవే. కాబట్టి మా వీధి లోకం కంటే పది నిమిషాలు ముందుంటుంది. ఉంటుందని బావ అనుకుంటాడు. మిగతావాళ్లం గడియారం వైపు చూడగానే మనసులో పది తీసేసుకుంటాం. దర్జీ తొమ్మిదింటికి రమ్మంటే ఆయన గడియారంలో తొమ్మిదీ పదికి వెళ్తాం, ఆయన తొమ్మిదీ ఇరవైకి వస్తాడు. ఆ గడియారాలను ఉన్నదున్నట్టు నమ్మేది వీధి మొత్తానికి బావ ఒక్కడే. అందుకే ఆయనకు ముందస్తు మేస్త్రి అని పేరు పడింది.

ఈ పిచ్చికి కారణం ఉంది. మా అక్క నర్సు. ఏడేళ్ల కింద ఆమెకు వేరే దేశంలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. వెళ్లే రోజు విమానాశ్రయానికి తీసుకుపోయే బస్సు సాయంత్రం ఆరింటికి. బావ ఎవరిదో అలారం గడియారం స్ప్రింగు కుదరక, ఇదిగో అయిపోయింది, ఇదిగో వచ్చేస్తున్నా అనుకుంటూ కూర్చుని, బస్టాండుకి చేరేసరికి ఆరూ పది. బస్సు ఆగిన చోట నేనొక్కణ్ణే నిలబడి ఉన్నాను. అక్క మలుపు తిరిగేదాకా కిటికీలోంచి రోడ్డు వైపే చూస్తూ వెళ్లిందని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది, నా నోరు ఊరుకోదు. బావ ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. నేరుగా షాపుకొచ్చి గోడ మీది గడియారాలన్నీ ఒక్కొక్కటే దించి పది నిమిషాలు ముందుకు తిప్పాడు. తర్వాత అక్క ఏటా సెలవులకు వచ్చేది, వెళ్లేది. ఆమె ఆ బస్సు సంగతి ఎప్పుడో వదిలేసింది. బావ వదల్లేదు.

ఆ తర్వాత లోకమంతటికీ జబ్బు వచ్చింది. దేశాలన్నీ తలుపులేసుకున్నాయి. అక్క రెండున్నరేళ్లు రాలేకపోయింది. వాళ్ల ఆసుపత్రిలో సెలవన్న మాట ఎత్తడానికే వీల్లేదు. నా ఫోనులో కనిపించినప్పుడల్లా బుగ్గల మీద మాస్కు గీతలు, కళ్ల కింద నలుపు. బాగానే ఉన్నానండీ అనేది. బావ, నేనూ బాగానే ఉన్నానులే అనేవాడు. ఫోను పెట్టేశాక ఇద్దరూ విడివిడిగా నన్ను పట్టుకుని, నిజం చెప్పు, బాగానే ఉందా, బాగానే ఉన్నాడా అని అడిగేవాళ్లు. మధ్యలో నా తల ప్రాణం తోకకొచ్చేది.

చివరికి ఆమెకు పది రోజుల సెలవు దొరికింది. ఆమె ఇక్కడికి వస్తే మళ్లీ తిరిగి వెళ్లనిస్తారన్న నమ్మకం లేదు, కాబట్టి బావే వెళ్లాలి. ఆ దేశం వాళ్లు ప్రవేశానికి అనుమతి పత్రం పంపారు. అది శనివారం దాకా చెల్లుతుంది. విమానం వారానికి ఒక్కటే, గురువారం పొద్దున పదకొండింటికి. అది అందుకుంటే అక్కను చూస్తాడు. అందుకోకపోతే మళ్లీ అనుమతి ఎప్పుడో, మళ్లీ సెలవు ఎప్పుడో ఎవరికీ తెలియదు.

కాగితాల పని నా నెత్తిన పడింది. ప్రయాణానికి రూల్సు పద్నాలుగు పేజీలు. ప్రింటు తీసి పిన్ను కొట్టేలోపు మారిపోయేవి. రాత్రి ఎనిమిదో పేజీలో ఉన్న రూలు పొద్దున్నకి మూడో పేజీలోకి వచ్చేది, దానికి వ్యతిరేకంగా ఇంకో రూలు పదకొండో పేజీలో ఉండేది. నాకు అర్థమైనంతలో అన్నిటికంటే ముఖ్యమైంది ఒకటి: విమానం బయల్దేరే టైముకి ముందు డెబ్భై రెండు గంటల లోపల శాంపిల్ ఇచ్చి, జబ్బు లేదని రిపోర్టు తెచ్చుకోవాలి. ఆ వాక్యం కింద పచ్చ పెన్నుతో రెండు గీతలు గీసి బావకిచ్చాను. తీరిగ్గా చదువుతానని సొరుగులో పెట్టుకున్నాడు. శనివారం పొద్దున్నే, నాతో ఒక్క మాటైనా చెప్పకుండా ల్యాబుకి వెళ్లి టెస్టు చేయించుకుని వచ్చేశాడు.

నేను ఒంటికాలి మీద లేచాను. శనివారం ఇస్తే గురువారానికి ఐదు రోజులవుతుందనీ, రూలు మూడు రోజులేననీ నెత్తీ నోరూ బాదుకుని చెప్పాను. బావకు అర్థం కాలేదు. ముందే చేయించుకుంటే వాళ్లకేం నష్టం అంటాడు. ఆలస్యంగా చేయించుకుంటే తప్పు, ముందుగా చేయించుకున్నవాణ్ణి ఇంకా మెచ్చుకోవాలి కదా అంటాడు. నేను జబ్బు గురించి చెప్పాను, ఈ ఐదు రోజుల్లో అంటుకోవచ్చు కదా అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, అయితే ముందు రావడం కూడా తప్పేనా అన్నాడు. ఏడేళ్లుగా నమ్ముకున్నది కాళ్ల కింద కదిలిన మనిషి మొహం అది. నాకు కోపం దిగిపోయింది.

లెక్క వేసి చెప్పాను. గురువారం పదకొండు నుంచి డెబ్భై రెండు గంటలు వెనక్కి వెళ్తే సోమవారం పదకొండు. సోమవారం పదకొండు దాటాక ఎప్పుడిచ్చినా చెల్లుతుంది. కానీ మా ల్యాబులో శాంపిల్స్ పట్టుకెళ్లే వ్యాను సోమ, గురు, శని వారాల్లోనే వస్తుంది. సోమవారం పదకొండుంబావుకి పెట్టె కట్టేస్తారు. అంటే బావకున్నది పదకొండు నుంచి పదకొండుంబావు దాకా, పావుగంట. పెద్ద ఊరి ల్యాబుకి పోదామంటే అక్కడ రిపోర్టుకి రెండు రోజులపైనే పడుతోంది. పావుగంట చాలు అన్నాడు బావ.

సోమవారం ఏడింటికే వెళ్లి ల్యాబు మెట్ల మీద కూర్చున్నాడు. ఎనిమిదికి తలుపు తీశారు. లైనులో మొదటివాడు ఆయనే. ల్యాబు అమ్మాయి రమ్మంది. బావ లేచి, వెనకాయనకు దారిచ్చి, మీరు వెళ్లండి అన్నాడు. ఆ వెనకాయన అయ్యాక ఇంకొకావిడకు, ఆవిడయ్యాక ఇంకొకరికి. మూడు గంటల పాటు లైనుకి మొదట్లోనే నిలబడి, వచ్చినవాళ్లనల్లా లోపలికి పంపిస్తూనే ఉన్నాడు. పద్దెనిమిది మంది ఆయన్ని దాటి వెళ్లారట. ముక్కులో పుల్లంటే భయపడుతున్నాడని అందరూ అనుకున్నారు. ఒక ముసలావిడ ఆయన భుజం తట్టి, ఏం కాదు నాయనా, కళ్లు మూసుకుంటే అయిపోతుంది అని ధైర్యం చెప్పి వెళ్లింది. ఆయన గోడ గడియారం వైపే చూస్తున్నాడు.

నేను పాసుపోర్టు కాపీ పట్టుకుని వెళ్లేసరికి గోడ గడియారంలో పదకొండూ రెండు. బావ నా వైపు గర్వంగా చూసి లోపలికి వెళ్లాడు. ఆ అమ్మాయి కొత్తగా వచ్చింది, వీధి అలవాట్లు తెలియవు. ఇప్పటికి ధైర్యమొచ్చిందా మేస్త్రీ గారూ అని, పుల్ల పెట్టి, గోడ వైపు చూసి, రిజిస్టరులో పదకొండూ నాలుగు అని రాసింది. పుల్ల ఎంత లోపలికి పోయిందో గానీ బావ కళ్లలోంచి నీళ్లు ధారగా కారాయి. బయటికి వచ్చి నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటున్నాడు. అక్కకు పంపిద్దామని వెంటనే ఫోటో తీశాను.

సాయంత్రం షట్టరు దించే ముందు అక్కకు పంపడానికి ఆ ఫోటో తెరిచాను. కింద తీసిన టైము ఉంది. పది గంటల యాభై ఐదు నిమిషాలు.

ఆ గోడ గడియారం కిందటేడు బావే బాగుచేశాడు. అందులో పదకొండూ నాలుగంటే లోకంలో పదీ యాభై నాలుగు. డెబ్భై రెండు గంటలకు ఆరు నిమిషాలు ఎక్కువ. ఏడేళ్లుగా వీధిలో ప్రతివాడూ పది తీసేసుకుంటూనే ఉన్నాడు, తీసెయ్యాల్సిన ఆ ఒక్క రోజు, తీసెయ్యాల్సిన ఆ ఒక్క మనిషి తీసెయ్యలేదు. నా సంగతి వేరే చెప్పాలా? ఫోను చేతిలో ఉంది, ఫోటో తీశాను, బావ మొహం చూశాను గానీ టైము చూడలేదు. ఇంకో ఆరు నిమిషాలు ఆగి ఉంటే ఏ గొడవా లేకపోయేది.

కాసేపు షాపులో అటూ ఇటూ తిరిగాను. మళ్లీ వ్యాను గురువారమే. చేసేది లేదు. అయితే కాగితం మీద పదకొండూ నాలుగనే ఉంటుంది. కాగితం చూసేవాడికి మా వీధి సంగతి తెలియదు. నేను నోరు మూసుకుంటే చాలు. ఈ ఒక్కసారికి మూసుకుందామని ఒట్టేసుకున్నాను. అక్కకు ఫోటో పంపాను, కింది అంచు కత్తిరించి.

మంగళవారం మధ్యాహ్నం ఇద్దరం ఆయన షాపులోనే భోజనానికి కూర్చున్నాం. బావ ఏదో చెబుతూ చెబుతూ, నోటి దాకా తెచ్చిన ముద్దను అలాగే ఆపేశాడు. కళ్లు గోడ మీది గడియారాల మీదున్నాయి. తర్వాత ముద్ద నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలాడు. ఏమైంది బావా అంటే ఏం లేదన్నాడు. ఆ ఆరు నిమిషాల సంగతి ఆయనకూ తెలిసిపోయిందని నాకు అర్థమైంది. ఆయన నాకు తెలియదనుకుంటున్నాడు, నాకు తెలిసినట్టు నేను చెప్పను. ఆ రెండు రోజులూ మేమిద్దరం ఎంత మర్యాదగా మాట్లాడుకున్నామంటే, మా మధ్య ఏదో తగాదా వచ్చిందని దర్జీ కనుక్కోవడానికి వచ్చాడు.

బుధవారం సాయంత్రం రిపోర్టు వచ్చింది. జబ్బు లేదు. శాంపిల్ తీసిన టైము సోమవారం పదకొండూ నాలుగు. నేను నాలుగు కాపీలు తీసి, మంచిదాన్ని లామినేషన్ చేశాను. మా షాపులో ముఖ్యమైన కాగితమేదైనా లామినేషన్ చెయ్యకుండా బయటికి పోదు. బావ ఆ కాగితం మీది టైము వంక అదే పనిగా చూస్తుంటే ఆయన బటను ఫోను కుయ్యిమంది. మెసేజి వచ్చింది చూడు అన్నాను. లాటరీ తగిలిందని రోజూ వస్తాయి, ఎవడు చదువుతాడు అని జేబులో వేసుకున్నాడు.

గురువారం పదకొండింటి విమానానికి మేము ఏడింటికల్లా విమానాశ్రయం ముందున్నాం. ప్రయాణికులకు తప్ప లోపలికి ప్రవేశం లేదు. కాగితాలు చూసే టేబులు మాత్రం గేటు బయటే వేశారు. నేల మీద ఆరేసి అడుగులకొక పసుపు వృత్తం గీసి, అందరినీ అందులో నిలబెడుతున్నారు. తాడుకు ఇవతల నేను, అవతల బావ. మాస్కుల వల్ల ఎవరి మాట ఎవరికీ వినపడక అందరూ అరిచే మాట్లాడుతున్నారు. ఒకాయన తన మొలల ఆపరేషను సంగతి రహస్యంగా చెప్పబోతే అక్కడున్న నలభై మందికీ తెలిసింది.

బావ వంతు వచ్చింది. టేబులు దగ్గరున్న అమ్మాయి పాసుపోర్టు చూసింది, అనుమతి పత్రం చూసింది, లామినేషన్ చేసిన రిపోర్టు తీసుకుని చదివింది. వేళ్ల మీద లెక్కపెట్టి, సరిపోయింది సార్ అని ముద్ర వేసింది. ముద్ర ప్లాస్టిక్ మీద నిలవలేదు. ఊదారంగు సిరా జారి ఆమె చేతికంటింది. ఇది ఎవరు చేశారండీ అని విసుక్కుంది. నేను ఆకాశం వైపు చూశాను. బావ సంచిలోంచి మామూలు కాపీ తీసిచ్చాడు. ఆమె మళ్లీ ముద్ర ఎత్తింది.

అప్పుడు బావ, ఒక్క మాటమ్మా అన్నాడు.

ఆ గొంతు నాకు తెలుసు. గడియారంలో అసలు జబ్బు ఫలానా చోట ఉందని కస్టమరుకి చెప్పేటప్పటి గొంతు అది. ఏం చెప్పబోతున్నాడో నాకు అర్థమైంది. ఆపడానికి ఇంకేమీ తోచక గట్టిగా దగ్గాను.

ఆ రోజుల్లో, ఆ చోట దగ్గకూడదు. నా ముందూ వెనకా ఉన్నవాళ్లు నాలుగేసి వృత్తాలు దాటి వెనక్కి పోయారు. ఎవరిదో పెట్టె బోర్లాపడింది. ఒక గార్డు పరిగెత్తుకొచ్చి నా నుదుటికి జ్వరం చూసే పరికరం గురిపెట్టాడు. కంగారులో ఒళ్లు వేడెక్కిందో ఏమో, ఇంకోసారి చూస్తానన్నాడు. నన్ను దూరంగా ఒక వృత్తంలో నిలబెట్టి కదలొద్దన్నాడు. ఇంత చేసీ బావ నోరు మూయించగలిగానా అంటే అదీ లేదు. అందరూ నన్ను చూస్తుండగా ఆయన ఆ అమ్మాయికి తీరిగ్గా చెప్పుకుంటున్నాడు. అరిచి చెబుతున్నాడు కాబట్టి అంతా వినిపించింది.

"ఆ కాగితం మీద టైము తప్పమ్మా. ల్యాబులో గోడ గడియారం పది నిమిషాలు ముందుంది. ముందుకు తిప్పింది నేనే. నేను శాంపిల్ ఇచ్చింది పదీ యాభై నాలుగుకి."

ఆమె ముద్ర కింద పెట్టింది. "మీరెందుకు తిప్పారు సార్?"

"ఏడేళ్ల కింద బస్సు తప్పిపోయింది."

"మీ బస్సా?"

"నాది కాదు, మా ఆవిడది. ఆవిడ ఎక్కింది. నేనే అందుకోలేదు."

నాకు అప్పటిదాకా ఆయన మీద వచ్చిన కోపమంతా ఏమైందో తెలియదు. అక్కను చూడకపోతే ఈ మనిషి ఏమైపోతాడో నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. తెలిసీ, తప్పు టైము చెప్పి ఆమె దగ్గరికి వెళ్లడం ఆయనకు చేతకాలేదు. వెర్రిబాగులవాడు అనుకున్నాను.

ఆ అమ్మాయి పెన్ను తీసి రిపోర్టు వెనకవైపు పదీ యాభై నాలుగు అని రాసుకుంది. రాసుకుని, విమానం ఎన్నింటికి సార్ అని అడిగింది. బావ పదకొండింటికి అన్నాడు.

"కాదు సార్, పావు తక్కువ పదకొండుకి. పదిహేను నిమిషాలు ముందుకు జరిపారు. నిన్ననే మెసేజి పంపాం, చూసుకోలేదా?"

బావ జేబులోంచి బటను ఫోను తీసి, దూరంగా పట్టుకుని, కూడబలుక్కుని చదివాడు. ఆమె లెక్క వేసింది. సోమవారం పదీ యాభై నాలుగు నుంచి గురువారం పదీ నలభై ఐదు దాకా డెబ్భై రెండు గంటలకు తొమ్మిది నిమిషాలు తక్కువ. మీ గడియారం ప్రకారం చూసినా చెల్లుతుంది, అసలు గడియారం ప్రకారం చూసినా చెల్లుతుంది అని, ముద్ర వేసి, అందరూ మీలా టైము చెప్పాలంటే మేము సాయంత్రం దాకా ఇక్కడే ఉండాలి, తొందరగా లోపలికి వెళ్లండి అంది. ఇన్నేళ్లలో టైముకంటే ముందు బయల్దేరిన విమానం గురించి నేను వినలేదు. ఆ ఒక్కటీ మా బావ కోసమే బయల్దేరినట్టుంది.

గార్డు నన్ను కూడా వదిలాడు. జ్వరం లేదట. బావ తాడు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు.

"సోమవారం సాయంత్రం. నీకు?"

"మంగళవారం మధ్యాహ్నం." మాస్కు సర్దుకుని, "నువ్వు దగ్గడం మాత్రం బాగోలేదురా," అన్నాడు.

వెళ్తూ వెళ్తూ నాకో పని చెప్పాడు. ల్యాబులో గోడ గడియారం పది నిమిషాలు వెనక్కి తిప్పమన్నాడు. వేరేవాళ్లకు విమానాలు ముందుకు జరుగుతాయన్న నమ్మకం లేదు కదా అన్నాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చి, గడియారం అందుకోవడానికి స్టూలు పట్టుకుని ల్యాబుకి వెళ్లాను. విషయం చెబితే ల్యాబు అమ్మాయి మొహం పాలిపోయింది. తర్వాత తేరుకుని, ఇప్పుడు తిప్పడానికి వీల్లేదంది. అప్పుడే రెండు శాంపిల్స్ తీసి టైము రాసిందట. ఇప్పుడు ముల్లు వెనక్కి తిప్పితే వాటిని ఇంకా తియ్యకముందే తీసినట్టవుతుంది, రేపు పొద్దున్న తలుపు తియ్యకముందు రండి అంది. ఆమె చెప్పిన దాంట్లో తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు. స్టూలు చంకన పెట్టుకుని వచ్చేశాను. వచ్చి ఊరుకోలేక నా షాపు గడియారం దించి సరిచేసుకున్నాను.

మర్నాడు సాయంత్రం అక్క ఫోను చేసింది. బావ స్నానం చేస్తున్నాడట. ఇక ఏడు రోజులు ఇద్దరూ ఇంట్లోంచి కదలకూడదని అక్కడి రూలు. పద్నాలుగు పేజీల్లో మనిషిని తలుచుకుని రాసింది ఆ ఒక్కటే అనిపించింది నాకు. అక్క గొంతు నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. సెలవు పుచ్చుకుని బయల్దేరబోతుంటే వార్డులో ఎవరికో ఊపిరి అందలేదట. వదిలేసి రాలేక, ఆ పని చూసి, రెండు బస్సులు మారి, విమానాశ్రయంలో పరిగెత్తుకుంటూ వెళ్లిందట. అప్పటికే విమానం దిగినవాళ్లందరూ వెళ్లిపోయారు. బావ ఒక్కడే తలుపుకెదురుగా, పెట్టె మీద చెయ్యేసుకుని నిలబడి ఉన్నాడు.

"ఎంతసేపు నిలబెట్టావే?" అన్నాను.

"పది నిమిషాలు రా. సరిగ్గా పది నిమిషాలు."

"కోప్పడ్డాడా?"

"చేతి గడియారం చూసుకున్నాడు. అది సరైన టైమే చూపిస్తోంది, విమానంలో కూర్చుని తిప్పుకున్నాడట. చూసుకుని, చెల్లుకు చెల్లు అన్నాడు. నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత ఆ బస్సు గుర్తొచ్చింది. ఏడేళ్లు మొయ్యాలా అంత చిన్నదాన్ని? నేను అడిగేలోపే ఆ తలుపు దగ్గరే ఏడ్చేశాడురా."

ల్యాబులో పుల్ల పెట్టించుకున్నప్పుడు తప్ప మా బావ కంట నీళ్లు నేనెప్పుడూ చూడలేదు.